వెనుకకు తావులేని వనము

కృష్ణానది విజయవాడ దాటి, తీరమైదానమున తాపీగా సాగి, అవనిగడ్డ చెంతనున్న పులిగడ్డవద్ద రెండు పాయలుగా చీలుచున్నది. తూర్పుపాయ హంసలదీవి దగ్గర సాగరమును చేరును. పడమటిపాయ నాగాయలంక దిగువను మరల చీలికలై, ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ మున్నగు లంకలను చుట్టుకొని బంగాళాఖాతమున కలియును. ఈ పాయల నడుమనున్న నేలయే దివిసీమ. సముద్రమున మునిగిన పర్వతముల శిఖరములై మిగిలిన ద్వీపములు కొన్ని, అగ్నిపర్వతములు వెడలగ్రక్కిన శిలలచే నేర్పడిన ద్వీపములు కొన్ని లోకమున నుండగా, ఈ దీవి మాత్రము సహ్యాద్రి చఱియలనుండియు, దక్కను నల్లరేగడి భూములనుండియు, తెలంగాణ రాయలసీమల చెలకలనుండియు నది యేటేట తెచ్చిన మట్టిచేతనే రూపొందినది. మట్టి మేటవేసినచో నేల పెరుగును. రాని యేట కెరటములు దానిని కోసికొనిపోవును. కనుక నిచ్చటి చెట్టుగాని పక్షిగాని నేలతోపాటు తానును ముందునకో వెనుకకో జరుగుచుండుటచేతనే వేల యేండ్లుగా జీవించి వచ్చినది. ఆ కదలిక చరిత్రను, మారుచున్న శీతోష్ణస్థితిచేతను మానవ నిర్మాణములచేతను నేడు దానికి కలిగిన నిరోధమును వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

భూగర్భశాస్త్రజ్ఞుల మతమున, సుమారు 6,000 ఏండ్లకు పూర్వము సముద్రము కొల్లేటి దాపునకు వచ్చియుండెను. గుడివాడ, బందరు ప్రాంతములలో నేడు వరి పండు పల్లపు భూముల నడుమ తీరమునకు సమాంతరముగా బారులుతీరి కన్పట్టు ఇసుక మెరకలు, ఒకప్పటి ఒడ్డు ఎక్కడెక్కడ నిలిచి ఎక్కడెక్కడికి జరిగినదో తెలుపు గుర్తులు. చరిత్రకాలమునకు వచ్చినచో, క్రీస్తు శకము రెండవ శతాబ్దమున టాలెమీ మైసోలియా తీరమున పేర్కొన్న వర్తకస్థానము నేటి ఘంటసాలయని చరిత్రకారులు నిర్ణయించియున్నారు. ఆ యూరి బౌద్ధస్తూపపు శిథిలములలో లభించిన ప్రాకృత శాసనములలో శివకుడను మహానావికుని పేరు కలదు. ఓడ నడపువాడు దానమిచ్చి పేరు చెక్కించుకొన్న యూరినుండి ఇప్పుడు ఓడను చూడవలెనన్నచో, పొలములును కాలువలును దాటి, కోడూరు గడచి, చాల దూరము పోవలసియుండును. అన్ని మైళ్ళ భూమి నది దానము. ఆ భూమి సముద్రమున తలయెత్తిన ప్రతిచోటను మొట్టమొదట కాలుమోపినవి మడచెట్లు.

నదీజలమున కలిసివచ్చిన సన్నని ఒండ్రు ముఖద్వారమున ఉప్పునీటిని తాకగానే రేణువులు ఒకదానికొకటి అంటుకొని బరువెక్కి అడుగునకు దిగును. ఆ మేట కొన్నాళ్ళకు పోటువేళ మునుగుచు పాటువేళ తేలుచు నుండు బురదదిబ్బ యగును. దానిపై ఉప్పును సహించు గడ్డియు, ఇలకూర వంటి చిన్న మొక్కలును, తెల్లమడయు మొలచును. వాటి వేళ్ళ నడుమ నీటివేగము తగ్గగా మరికొంత ఒండ్రు దిగి దిబ్బ యెత్తు పెరుగును. అంతట గుగ్గిలము, తిల్ల, పొన్న మున్నగునవి వచ్చి చేరును. ముందువరుసలోని మడ ఇంకను సముద్రమువైపు సాగును. ఈ విధముగా వనము నదివెంట నడచుచు, తన వెనుక గట్టిపడిన నేలను విడిచిపోవుచుండెను. ఆ నేలపైననే పిమ్మట ఊళ్ళు వెలసినవి.

తెల్లమడను దగ్గరనుండి చూచినవారికి దాని బ్రదుకునేర్పు తెలియును. గాలి చొరని నల్లని బురదలో వేరు ఊపిరాడక చచ్చును గనుక, ఆ చెట్టు తన వేళ్ళను నేలనుండి నిలువుగా పైకి పంపును. జానెడు జానెడు పొడవున చెట్టుచుట్టును లేచిన ఆ శ్వాసమూలములు నారుమడివలె దట్టముగా నుండి, అడుగుపెట్ట తావీయవు. పాటువేళ అవి గాలి పీల్చును. పోటువేళ నీటమునిగి, నీరు తీయువఱకు ఓర్చుకొనును. ఆ ఓర్పునకొక హద్దు కలదు: నీరు తీయకయే నిలిచినచో చెట్టు ఉక్కిరిబిక్కిరియై ఎండిపోవును. ఇక ఆకును త్రుంచి నాలుకకు తాకించినచో ఉప్పగా నుండును. వేరు లోనికి రానిచ్చిన కొద్దిపాటి ఉప్పును ఆకు స్వేదమువలె వెలిబుచ్చగా, ఎండవేళ అది పలుకులై మెరయును. పొన్నది వేఱొక నేర్పు. దాని గింజ తల్లిచెట్టుననే మొలకెత్తి, పొడుగైన మొలకయై వ్రేలాడుచుండి, అదనుచూచి రాలి బురదలో గ్రుచ్చుకొనును. అట్లు గ్రుచ్చుకొననిది పోటునీటిపై తేలుచు పోయి మరియొక దిబ్బను వెదకికొనును. తిల్ల కొమ్మ విరిచినప్పుడు కారు పాలు కంటబడినచో చూపునకే ముప్పని వేటకుపోవు బెస్తవారు పిల్లలను హెచ్చరింతురు. నేల కదలునని తెలిసిన జాతులకు ప్రకృతి యిచ్చిన సాధనసంపత్తి యిది.

ఈ వేళ్ళనడుమ పీతలును, రొయ్యపిల్లలును, చేపపిల్లలును పెరుగును. వాటికొఱకు నీటికుక్కలును బావురుపిల్లులును వచ్చును. అంతకంటె నెక్కువగా పక్షులు వచ్చును. కొంగలు, నీటికాకులు, లకుముకిపిట్టలు ఏడాది పొడుగునను ఉండునవి. కార్తీకమాసము నాటికి ఉత్తరాసియా మైదానములనుండి, హిమాలయముల కావలినుండి ఉల్లంకులును బాతులును గుంపులు గుంపులుగా దిగి, పాటువేళ బయలుపడిన బురదనేలపై ముక్కులు గ్రుచ్చి పురుగులను ఏరుకొని తిని, వేసవి ముదురకముందే మరలిపోవును. కృష్ణ సాగరమున కలియుచోట స్నానముచేసిన కాకి హంసగా మారినదని హంసలదీవి స్థలపురాణము. మాఘపూర్ణిమనాడు వేణుగోపాలస్వామి కల్యాణమునకు వచ్చి సాగరసంగమమున మునుగు జనులకు ఆ కథ పాపక్షయమును బోధించును. చరిత్ర చదువువానికి మాత్రము, ఆ కథ పుట్టిననాడే ఈ సంగమస్థానము తెల్లని నీటిపక్షులకు నెలవై యుండెనని తోచును.

ఇచ్చట నొక సత్యమును దాచక చెప్పవలయును. దివిసీమకే పరిమితమై లోకమున మఱియెందునులేని పక్షిజాతి ఏదియు లేదు. నేల పిన్నవయస్సుది, ప్రధానభూమికి కూతవేటు దూరమున నున్నది, రెక్కలున్న ప్రాణి దేనికిని ఇది దుర్గమము కాదు. హవాయి వంటి ద్వీపములయందు లక్షల యేండ్ల ఏకాంతవాసముచే నూతన జాతులు పుట్టినట్లు ఇచ్చట పుట్టుటకు వ్యవధి లేదు. అయినను ఒక ప్రాంతపు జీవజాలమునకు విలువ కట్టుటలో అరుదుదనమొక్కటియే ప్రమాణము కాదు. మంచినీరు, ఉప్పునీరు, బురద, ఇసుక అను నాలుగును పాళ్ళు కుదిరి యుండుటచేతనే ఇన్ని జాతులొకచోట కూడినవి. ఆ పాళ్ళు చెడినచో జాతులు లోకమున మిగిలియున్నను, ఈ సీమనుండి మాత్రము తొలగిపోవును.

అట్లు తొలగిపోవుటకు పొరుగుననే నిదర్శనము కలదు. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రాభిజ్ఞుడు కొల్లేటి ప్రాంతపు పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున గూడబాతులు చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుచుండుట కనుగొని, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో విపులముగా వర్ణించెను. ఊరి చెట్లపై, మనుష్యుల నడుమ, అంత పెద్ద పక్షులు నిర్భయముగా కాపురముండుట అప్పటి పండితులకు అబ్బురమైనది. కొన్ని దశాబ్దములు గడచునప్పటికి ఆ నివాసము శూన్యమైనది. నేడు కైకలూరు దాపున ఆటపాకలో అటవీశాఖవారు చెఱువున పాతిన ఇనుప మంచెలమీద గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును గూళ్ళు కట్టుచున్నవి. చెట్టులేనిచోట ఇనుమునైనను ఆశ్రయించు పక్షి పట్టుదల కొనియాడదగినది. కాని పక్షికి ఇనుము చెట్టు కావలసివచ్చిన పరిస్థితి మాత్రము సంతోషింపదగినది కాదు.

ఇక మానవుల చేతలకు వత్తము. బందరు రేవున డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను వర్తకస్థానములు నెలకొల్పిరి. అద్దకపు బట్టలు ఇచ్చటనుండి పారశీకమునకును, తూర్పుదీవులకును, ఐరోపాకును ఎగుమతి యగుచుండెను. ఇంత పేరుగన్న రేవునకును లోతు లేదు. ఓడలు దూరమున లంగరువేయగా సరకు పడవలమీద చేరవేయవలసియుండెను. నది తెచ్చు ఒండ్రు రేవును పూడ్చుచుండుట వర్తకుల దృష్టికి అనర్థము. ఆ ఒండ్రుననే మడవనము పెరుగుచుండుట వారి లెక్కలకు రాని విషయము. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో కూడివచ్చిన ఉప్పెన బందరును ముంచినది. సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. కోటయు, రేవుపట్టణపు వైభవమును ఆ రాత్రితో సగము చరిత్రలో కలిసిపోయినవి. 1883లో గార్డన్ మెకంజీ ప్రకటించిన కృష్ణాజిల్లా మాన్యువలు నాటి జిల్లా స్వరూపమును తెలిసికొనుటకు నేటికిని ఆధారగ్రంథము.

ఉప్పెనకు పూర్వమే మరియొక మార్పునకు బీజము పడినది. 1832-33 నాటి డొక్కలకరువు గుంటూరు మండలమును నిర్జనము చేయగా, నదికి ఆనకట్ట కట్టవలెనను ఆలోచన బలపడినది. కాటన్ దొర ప్రోత్సాహమున, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున, 1852లో ప్రారంభమైన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. డెల్టా అన్నపూర్ణ యైనది. దివిసీమకు మాత్రము నది అడ్డముండుటచే కాలువనీరు వెంటనే అందలేదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున పులిగడ్డవద్ద నూనెయింజనులతో నీరు తోడు పథకము వెలసినది. తరువాత నదిమీదుగా కాలువనే దాటించు అక్విడక్టు నిర్మింపబడినది. నీరు రాగా చౌడు విరిగినది, చౌడు విరుగగా వరి వచ్చినది, వరి రాగా జనము పెరిగినది. జనమునకు వంటచెఱకు కావలెను, పశువులకు మేత కావలెను. మడకొమ్మ రెంటికిని పనికివచ్చినది. ఆకలిగొన్న సీమ అన్నము తినుటకు మడవనము కొంత మూల్యము చెల్లించినది. దీనిని నేరముగా నెన్నుట న్యాయము కాదు. నాటికి నది మట్టి తెచ్చుట మానలేదు గనుక, నరికినచోట తఱిగిన వనము మేటవేసినచోట పెరుగుటకు అవకాశముండెను.

1977 నవంబరు 19వ తేదీ దివిసీమ చరిత్రను రెండుగా చీల్చినది. ఆనాటి తుపాను వెంట తాడియెత్తు కెరటము లేచి, సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మున్నగు తీరగ్రామములను తుడిచిపెట్టి, మైళ్ళకొలది లోనికి చొచ్చుకొనివచ్చెను. ప్రభుత్వపు లెక్కప్రకారమే పదివేల మంది మరణించిరి. తాటిచెట్ల మొవ్వులను కౌగిలించుకొనియు, తుమ్మముళ్ళ కంపలలో చిక్కుకొనియు బ్రదికి బయటపడినవారి కథలు ఈ సీమలో ఇంటింటను వినవచ్చును. మండలి వెంకటకృష్ణారావు గారు మొదలుగా ఎందఱో పెద్దలు, దేశము నలుమూలలనుండి వచ్చిన సేవాసంస్థలు, శవముల సంస్కారము మొదలు ఇండ్ల నిర్మాణము వఱకు చేసిన సేవ ఆంధ్రదేశము మఱువరానిది.

ఆ ఉప్పెన తరువాత మూడు పనులు జరిగినవి. తుపాను రక్షణగృహములు వెలసినవి. తీరమున సరుగుడుతోటలు నాటబడినవి. సముద్రపునీరు పొలములమీదికి రాకుండ కరకట్ట పోయబడినది. వేలమంది చచ్చిన నేలకు కరకట్ట వలదనుటకు ఎవరికిని నోరాడదు; నేనును అనను. కాని దాని పర్యవసానము నొకటి గుర్తింపవలసియున్నది. అంతవఱకు సముద్రము ముందునకు వచ్చినప్పుడు మడవనము లోతట్టునకు జరుగుటకు ఉప్పునేలలు, పల్లములు, పోరంబోకులు ఖాళీగా నుండెను. కరకట్ట వనమునకు వెనుకగోడ యైనది. గోడకు సముద్రమువైపున 1989లో ప్రభుత్వము 194.81 చదరపు కిలోమీటర్ల ప్రాంతమును కృష్ణా వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. ఆ దశాబ్దము ముగిసి తరువాతి దశాబ్దము ప్రారంభమగునప్పటికి రొయ్యల సాగు తీరమునకు వచ్చినది. నాగాయలంక, కోడూరు మండలములలో వరిచేలును, చౌటినేలలును, మడ అంచులును చెఱువులైనవి. గుడివాడనుండి కైకలూరు వఱకు చేపల చెఱువులు పరచుకొన్నవి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెఱువులపై కఠినమైన తీర్పు చెప్పినను, సాగు ఆగలేదు. 2005లో దానిని క్రమబద్ధము చేయుటకు ప్రత్యేక చట్టమే వచ్చినది. చెఱువు గట్టు ఒక్కొక్కటియు కరకట్టకు తోడైన మరియొక గోడ.

వెనుకనుండి గోడలు లేచుచుండగా, ముందునుండి నది చేయి ముడుచుకొనినది. పూర్వపు ఆనకట్ట స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి, 1967లో నాగార్జునసాగరము, ఎనుబదులలో శ్రీశైలము, ఎగువ రాష్ట్రములలో మరికొన్ని జలాశయములు ఏర్పడినవి. నీటితోపాటు మట్టియు వాటియందు నిలిచిపోయినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులు కాకాని నాగేశ్వరరావు గారును వారి సహచరులును 2010లో ప్రకటించిన పరిశోధన ననుసరించి, 1966-69 నడుమ ఏటికి 90 లక్షల టన్నులుగా నుండిన కృష్ణ ఒండ్రు, 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయినది. ఇరువదిరెండు పాళ్ళకు పైగా తెచ్చుచోట ఒక పాలు తెచ్చుచున్నదన్నమాట. డెల్టా నేల సహజముగనే తన బరువునకు తాను క్రుంగుచుండును. ఏటేట వచ్చు కొత్త మట్టి ఆ క్రుంగును పూడ్చుచుండును. మట్టి రాకపోవుటచే క్రుంగు మిగిలినది, పూడిక పోయినది. ఎదురుమొండి మొదలగు లంకలలో ఒడ్డుకోత నేడు జనుల నిత్యవ్యథ.

ఇట్లు బలహీనమైన నేలమీదికి శీతోష్ణస్థితి మార్పు వచ్చినది. బొగ్గును చమురును మండించుటచే వాయుమండలమున పేరుకొన్న వేడిలో అధికభాగమును సముద్రములే త్రాగుచున్నవి. వేడెక్కిన నీరు ఉబ్బుచున్నది, ధ్రువముల మంచు కరగి దానికి తోడగుచున్నది. శీతోష్ణస్థితి మార్పుపై ఏర్పడిన అంతర్ప్రభుత్వ సంఘము లెక్కప్రకారము 1901 నుండి 2018 వఱకు లోకమున సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. 1901-71 నడుమ ఏటికి 1.3 మిల్లీమీటర్లుగా నున్న పెరుగుదల, 2006-18 నాటికి ఏటికి 3.7 మిల్లీమీటర్లయినది. ఈ అంకెలు స్వల్పముగా తోచవచ్చును. కాని శ్వాసమూలము పొడవు జానెడే. నీటిమట్టము కొద్ది పెరిగినను, నేల కొద్ది క్రుంగినను, పాటువేళ బయటపడవలసిన వేరు బయటపడదు. పూర్వమట్లైనచో చెట్టు తన సంతతిని వెనుకనున్న మెరకకు పంపుకొనెడిది. ఇప్పుడు పోటునీటిపై తేలిన విత్తనము కరకట్టకు కొట్టుకొని తిరిగివచ్చుచున్నది. ముందు కోత, వెనుక కట్ట. నడుమ నానాటికి సన్నగిల్లు వనము.

వనము సన్నగిల్లుట యొక హాని. ఏకరూపమగుట మరియొక హాని. నదినుండి మంచినీరు పుష్కలముగా దిగిన కాలమున ఉప్పును కొంచెముగానే సహించు కళింగ వంటి చెట్లకును ముఖద్వారములయందు చోటుండెను. ఎగువను వానలు తప్పిన యేట బ్యారేజి దిగువకు నీరు విడువరు. ముఖద్వారమున సముద్రమే నదిలోనికి ఎగదన్నును. ఎండకు నీరావిరియై నేలమీద ఉప్పు పేరుకొనును. అట్టి చోట తెల్లమడ, ఇలకూర వంటి ఓర్పుగలవే మిగులును, మిగిలినవియు గిడసబారును. ఇక అతివృష్టి యేడు వచ్చినచో వేఱొక విపరీతము. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మహాప్రవాహమనుకొంటిమి. 2024 సెప్టెంబరు 2వ తేదీన 11.43 లక్షల క్యూసెక్కులతో అదియు వెనుకబడినది. సంవత్సరము పొడుగున సన్నగా పారవలసిన నీరు కొన్ని దినములలో ఉరికిపోయి, మిగిలిన మాసములు నదిగర్భము ఎండుట ఉప్పునీటి జీవులకును మంచినీటి జీవులకును సమముగా కీడే.

పక్షుల విషయమున హాని మరింత సూక్ష్మమైనది. బురదనేలమీద మేయు ఉల్లంకికి పాటు నిలిచియుండు కొన్ని గంటలే భోజనకాలము. బురదమేట మునిగి ఇఱుకైనకొలది దానికి పూట గడువదు. వేల మైళ్ళ మరలుప్రయాణమునకు కావలసిన క్రొవ్వును ఇచ్చట కూడబెట్టుకొనలేని పక్షి దారిలో రాలిపోవును. ఇసుకతిన్నెలమీద గూడు కట్టు చిన్న పక్షులకు గూడన నొక చిన్న గుంట మాత్రమే. పుల్లయు లేదు, పఱుపును లేదు. ఇసుకరంగు గ్రుడ్లే వాటికి రక్ష. ఆ తిన్నె కాలుచున్నప్పుడు తల్లిపక్షి పొదుగుటకు బదులు నీడ పట్టవలసివచ్చును. ఎత్తైన పోటు ఒక్కటి వచ్చినచో ఆ యేటి సంతానమంతయు కొట్టుకొనిపోవును. అదే తీరమున గ్రుడ్లు పెట్టు సముద్రపు తాబేళ్ళకు ఇసుక వేడియే పిల్ల ఆడయో మగయో నిర్ణయించును. వేడి హెచ్చినకొలది ఆడపిల్లలే పుట్టును. కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు నీరు తగ్గిన యేట ఉప్పుటేరుగుండ సముద్రము ఎగదన్నును; గూడబాతునకు కావలసిన చేపయు, చేపకు కావలసిన నీరును మారును.

హవాయి ద్వీపముల గాథ దీనికి సోదరగాథ వంటిది. పందొమ్మిదవ శతాబ్దమున ఓడలవెంట ఆ ద్వీపములకు దోమలు చేరినవి. అటుపిమ్మట పక్షిమలేరియాయు చేరి, దోమలచే వ్యాపించినది. దానిని ఎఱుగని స్థానిక పక్షులు పల్లములలో నశించి, దోమ బ్రదుకజాలని చల్లని కొండయెత్తులలో మాత్రము మిగిలినవి. ఇప్పుడు కొండలును వేడెక్కుచుండగా దోమ పైకెక్కుచున్నది. పక్షి ఇంకను పైకి పోవలెను. పోగా పోగా శిఖరము ముగియును. కవాయి దీవిలోని ఓఓ అను పక్షి కూత 1987లో కడపటిసారి వినబడినది. 2023లో అమెరికా ప్రభుత్వము హవాయికి చెందిన ఎనిమిది పక్షిజాతులు అంతరించినవని ప్రకటించినది. అక్కడ శిఖరము, ఇక్కడ కరకట్ట; ఆశ్రయమును వెదకు ప్రాణికి రెండుచోట్లను ఎదురైనది ఒకటియే: ఇక జరుగుటకు తావు లేకపోవుట. శిఖరమును పెంచుట మానవుని వశము కాదు. కరకట్టకు వెనుక నేమి చేయవలెననునది మన వశమున నున్నది.

ఆ దిశగా చేసిన ప్రయత్నములు లేకపోలేదు. తొంబదులలో ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనాసంస్థవారు అటవీశాఖతోను, తీరగ్రామముల జనులతోను కలిసి కృష్ణా గోదావరి ముఖద్వారములలో పాడుపడిన మడనేలలను పునరుద్ధరించిరి. వారి పద్ధతి సరళమైనది. చెట్లు నరికిన పిమ్మట నేల ఎండి మధ్య పల్లమై, పోటునీరు చేరినచో మరలిపోక నిలిచి, ఎండకు ఉప్పుమడుగగును. అట్టిచోట చేపముల్లు ఆకృతిలో నడుమ నొక పెద్దకాలువయు, దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా పిల్లకాలువలును త్రవ్వి, పోటు వచ్చి పాటుతో మరలిపోవునట్లు చేసిరి. నిలిచిన ఉప్పు కడిగివేయబడగా కాలువగట్లపై నాటిన మడ నిలద్రొక్కుకొనినది. నీటికి రాకపోకల దారి చూపినచో తక్కిన పనిని చెట్టే చేసికొనును. సొర్లగొంది తీరమున అటవీశాఖవారు తాబేటి గ్రుడ్లను సేకరించి పొదిగించి, పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. ఆ పనిచేయువారు ఆ తీరపు జనులే.

1999లో ఒరిస్సా తీరమున మహాతుపాను వచ్చినప్పుడు కేంద్రపాడ జిల్లాలో మడవనము వెడల్పుగానున్న గ్రామములలో ప్రాణనష్టము తక్కువగా నుండెనని తరువాతి పరిశోధనలు నిరూపించినవి. 1977ను చూచిన దివిసీమకు ఇంతకంటె హితవు వేఱొకటి లేదు. మడ కేవలము పక్షిసంరక్షణ విషయము కాదు; కట్టను కాపాడు కట్ట అది. కెరటము వేళ్ళమధ్య విరిగి వచ్చినప్పుడు మట్టికట్ట నిలుచును. నేరుగా తగిలినప్పుడు తెగును. కనుక కరకట్టకును వనమునకును వైరమున్నదని భావించుట పొరపాటు. కట్టను ఊళ్ళు, పంటపొలములున్నచోట దృఢము చేసి, పాడుపడిన రొయ్యల చెఱువులును, పంటకు పనికిరాని చౌటినేలలును ఉన్నచోట గట్లు తెంచి పోటునీటికి దారి విడిచినచో, మడకు వెనుకతావు లభించును. ఆ భూములపై జీవించు పేదరైతునకు, పీతలు వేటాడు యానాదికి, బెస్తకు తగిన ప్రతిఫలము ముందుగా ముట్టవలెను. వారిని కాదని కాపాడిన వనము నిలువదు.

రెండవది నీరు. బ్యారేజి దిగువకు పోవు ప్రతి చుక్కయు సముద్రముపాలై వృథా యగుచున్నదని మనము చిరకాలముగా అనుకొనుచున్నాము. ఆ నీరే ముఖద్వారమున ఉప్పును విఱిచి, మేటలు నిలిపి, చేపపిల్లను పెంచునది. సాగునీటి లెక్కలు వేయునప్పుడు రబీ పంటకు ఇంత, పట్టణములకు ఇంత అని విడదీయునట్లే, ముఖద్వారములకు ఇంత అని వేసవియందును కొంత వాటా నియమింపవలెను. జలాశయములలో పేరుకొన్న ఒండ్రును వరదకాలమున దిగువకు సాగనంపు ఉపాయములను ఇంజనీర్లు శ్రద్ధతో ఆలోచింపవలెను. మట్టిరాని డెల్టాను ఏ గోడయు శాశ్వతముగా నిలుపజాలదు.

ఈ సీమ చరిత్రలో రేవులు పూడినవి, పట్టణములు మునిగినవి, ఊళ్ళు జరిగినవి. వనము మాత్రము ప్రతిమార్పునకును దారి వెదకికొని మనవఱకు వచ్చినది. ఘంటసాల నావికుని కాలమున దానికి సముద్రమంత తావుండెను. మన తాతల కాలమున పొలమంత తావుండెను. మన కాలమున కట్టకును కెరటమునకును నడుమనున్న సన్నని పట్టె మిగిలినది. సముద్రమట్టము పెరుగుట ఇంకను కొన్ని తరములు ఆగదని శాస్త్రజ్ఞులు నిశ్చయముగా చెప్పుచున్నారు. ఏ పల్లములను మడకు విడువవలెనో, ఏ కట్టలను లోనికి జరుపవలెనో ఇప్పుడే సర్వే చేసి నిర్ణయించినచో, ఆ పని మనచేతిలో నుండును. ఆలసించినచో ఆ నిర్ణయమును రాబోవు ఉప్పెన చేయును, అది మన ఊళ్ళను అడిగి చేయదు.